కూసేది యంత్రం, గీత గీసేది మనిషి

1985 జూన్ 22, కెనడాలోని టొరంటో విమానాశ్రయం. ఎయిరిండియా ప్రయాణికుల పెట్టెలు ఒకటొకటిగా ఎక్స్‌రే యంత్రంలోంచి వెళ్తున్నాయి. నడుస్తూ నడుస్తూ యంత్రం ఆగిపోయింది. మిగిలిన పెట్టెల కోసం సిబ్బంది చేతికి ఓ చిన్న పరికరం ఇచ్చారు. పేలుడు మందు ఆవిరి తగిలితే అది కూస్తుందన్నారు. ఆ కూత ఎలా ఉంటుందో తెలియడానికి ఒక అగ్గిపుల్ల వెలిగించి దాని ముక్కు దగ్గర పెట్టి చూపించారు. చెవులు చిల్లులు పడేలా కూసింది. ఆ తర్వాత పెట్టెల మీద తిప్పుతుంటే ఒక సూట్‌కేసు దగ్గర మాత్రం సన్నగా కూసింది. ఇందాక చూపించిన కూత ఇలా లేదు కదా అనుకున్నారు. పెట్టె ముందుకు వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం అట్లాంటిక్ సముద్రం మీద, ఐర్లండ్ తీరం ఇంకాసేపట్లో వస్తుందనగా, 31 వేల అడుగుల ఎత్తున, ఆ పెట్టెలు ఎక్కిన ఎయిరిండియా కనిష్క విమానం పేలిపోయింది. 329 మంది చనిపోయారు. దానికి గంట ముందే జపాన్‌లోని నరిటా విమానాశ్రయంలో మరో ఎయిరిండియా విమానానికి చేరాల్సిన పెట్టె పేలి ఇద్దరు లగేజీ కార్మికులు చనిపోయారు. రెండు బాంబు పెట్టెలూ వాంకూవర్‌లో చెకిన్ చేసినవే. రెండిటి యజమానులూ విమానం ఎక్కలేదు. సన్నగా కూసిన సూట్‌కేసులోనే బాంబు ఉందని ఎవరూ తేల్చలేదు. కానీ ఆ పరికరాన్ని నమ్ముకోవడానికి లేదని దుర్ఘటనకు కొన్ని నెలల ముందే పరీక్షలో తేలిందని జస్టిస్ జాన్ మేజర్ విచారణ కమిషన్ 2010లో ఇచ్చిన నివేదిక చెబుతుంది.

ఎంత గట్టిగా కూస్తే కూసినట్టు? విమానాశ్రయ భద్రత మీద పుస్తకాలు ఎన్ని రాసినా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే రావాలి. మనం నడిచి వెళ్ళే లోహ ద్వారం, సంచిని మింగి కక్కే ఎక్స్‌రే పెట్టె, ముఖం చూసి తలుపు తీసే కెమెరా, ఇవన్నీ దేన్నో ఒకదాన్ని కొలిచి ఒక అంకె ఇస్తాయి. ఆ అంకె ఇంతకు మించితే ఆపు, లోపుంటే వదులు అని ఒక గీత ఉంటుంది. యంత్రం లోపలి భౌతికశాస్త్రానికీ ఆ గీతకూ సంబంధం లేదు. దాన్ని గీసేది మనిషి. గీత కిందికి దింపితే క్యూ పెరుగుతుంది, పైకి జరిపితే ప్రమాదం పెరుగుతుంది. తప్పుల్లేని చోటు మాత్రం ఎక్కడా లేదు.

మంగళసూత్రం, మోకాలి చిప్ప

విమానం ఎక్కేవాణ్ణి తనిఖీ చెయ్యాలన్న ఆలోచన మొదట్లో విమాన కంపెనీలకే నచ్చలేదు. డబ్బు పెట్టి టికెట్ కొన్న పెద్దమనిషిని దొంగలా వెతికితే మళ్ళీ వస్తాడా అని వాళ్ళ భయం. అమెరికాలో 1968 నుంచి 1972 దాకా హైజాకింగులు, ప్రయత్నాలు కలిపి 130 దాటాయి. 1972 నవంబరులో ముగ్గురు దుండగులు ఒక విమానాన్ని పట్టుకుని, అడిగిన డబ్బు ఇవ్వకపోతే టెన్నెసీలోని ఓక్ రిడ్జ్ అణు కేంద్రం మీద కూలుస్తామన్నారు. దాంతో అందరి నోళ్ళూ మూతపడ్డాయి. 1973 జనవరి 5 నుంచి అమెరికాలో ప్రతి ప్రయాణికుణ్ణీ, ప్రతి చేతి సంచినీ చూడటం తప్పనిసరి అయింది.

మన దేశంలోనూ కథ ఇలాగే నడిచింది. 1976లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని లాహోర్‌కు దారి మళ్ళించాక, 1978లో పౌరవిమానయాన భద్రతా విభాగం బీసీఏఎస్ పుట్టింది. కనిష్క తర్వాత, 1987లో, అది స్వతంత్ర శాఖ అయింది. 1999 డిసెంబరులో కాఠ్‌మాండూ నుంచి వస్తున్న విమానం హైజాక్ అయి కాందహార్ చేరాక, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్‌ఎఫ్ చేతికి వచ్చింది. మన తనిఖీ వరసలో ఉన్న ప్రతి మెట్టుకూ వెనక ఒక తేదీ ఉంది.

లోహ ద్వారం సంగతి చూద్దాం. దాని రెండు నిలువు పలకల్లో తీగచుట్టలుంటాయి. వాటిలోకి సెకనుకు వందలసార్లు విద్యుత్తును తట్టి వదులుతారు. తట్టినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం పుట్టి చచ్చిపోతుంది. ఆ మారే క్షేత్రంలో లోహపు ముక్క ఉంటే దానిలో సుడులు తిరిగే విద్యుత్తు పుడుతుంది. ఆ సుడి తన సొంత క్షేత్రాన్ని విసురుతుంది. అవతలి తీగచుట్ట పట్టుకునేది ఆ చిన్న ప్రతిధ్వనినే. ఈ ఆలోచన పాతది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో ఇరుక్కున్న తూటాను వెతకడానికి టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ ఇలాంటి పరికరమే తయారుచేశాడు. తూటా దొరకలేదు. రోగి పడుకున్న పరుపులోని లోహపు స్ప్రింగులు పరికరాన్ని తికమక పెట్టాయని చెబుతారు.

బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదా, మరి దాన్ని ఎలా పట్టుకుంటుందని చాలామంది అడుగుతారు. అంటుకోవాల్సిన పని లేదు. కరెంటు పారితే చాలు. బంగారం, రాగి, అల్యూమినియం మంచి వాహకాలు కాబట్టి సుడులు బాగానే తిరుగుతాయి. అయినా సన్నని మంగళసూత్రం వేసుకున్నావిడ చాలాసార్లు నిశ్శబ్దంగా వెళ్ళిపోతుంది. నాలుగు జతల గాజులు వేసుకుంటే కూస్తుంది. సున్నితత్వపు గీతను చిన్న ఆభరణాలకు పైన, కత్తికీ తుపాకీకీ కింద పెట్టడమే దీనికి కారణం. మోకాలి చిప్ప మార్పించుకున్నవాళ్ళకు ఈ గీతతో రోజూ పేచీయే. కోబాల్ట్, క్రోమియం కలిసిన ఆ కృత్రిమ కీలు చిన్న పిస్టలు అంత లోహం. డాక్టరు ఉత్తరం చూపించినా ద్వారం ఊరుకోదు. జవాను చేతి కర్రతో తిప్పి చూసి, తడిమి, పంపిస్తాడు. ఆ తడమడం ఉత్తరం మీద అనుమానంతో కాదు. లోహం ఎక్కడుందో చెప్పగలిగిన ద్వారం, అది ఎముకో ఆయుధమో చెప్పలేదు.

నారింజ రంగు సంచి

చేతి సంచి మన కంటికి సంచి. ఎక్స్‌రే తెర ముందు కూర్చున్న జవానుకు అది మూడు రంగుల ముద్ద. నారింజ రంగులో ఉంటే తేలిక మూలకాల వస్తువు: బట్ట, పుస్తకం, తిండి, ప్లాస్టిక్. నీలం అయితే ఇనుము, ఉక్కు, రాగి. మధ్యలో ఆకుపచ్చ, అంటే అల్యూమినియం, ఉప్పు వగైరా. కిరణాలు ఏమాత్రం చొరలేకపోతే నలుపు.

ఈ రంగులు నిజానికి ఎక్స్‌రేలో లేవు, లెక్కకట్టి వేసినవి. సంచి గుండా వచ్చిన కిరణాలను ఒకదాని వెనక ఒకటిగా పెట్టిన రెండు పొరల సెన్సర్లు అందుకుంటాయి. ముందు పొర తక్కువ శక్తి కిరణాలను, వెనక పొర ఎక్కువ శక్తి కిరణాలను కొలుస్తుంది. తక్కువ శక్తి కిరణాలను వస్తువు మింగడం అనేది దానిలోని పరమాణు సంఖ్య మీద విపరీతంగా ఆధారపడుతుంది. ఆ సంఖ్య రెట్టింపయితే మింగుడు సుమారు ఎనిమిది రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఎక్కువ శక్తి కిరణాలకు అంత పట్టింపు లేదు, దారిలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయన్నదే వాటికి ముఖ్యం. రెండు కొలతల నిష్పత్తి తీస్తే వస్తువు మందంగా ఉన్న తేలిక పదార్థమో, పలచగా ఉన్న బరువు పదార్థమో తెలిసిపోతుంది. అట్ట పుస్తకాన్నీ ఇనుప రేకునూ విడదీసేది ఈ నిష్పత్తే.

చిక్కల్లా నారింజ రంగులోనే ఉంది. కర్బనం, హైడ్రోజన్, ఆక్సిజన్, కాస్త నైట్రజన్. పేలుడు మందుల ముడిసరుకు ఇది. మనం తినేదీ ఇదే. సున్నుండల డబ్బాలో మినప్పిండి, బెల్లం, నెయ్యి గట్టిగా కుదించి ఉంటాయి. చక్కెర పలుకు సాంద్రత 1.6 దగ్గర, ఆర్‌డీఎక్స్ సాంద్రత 1.8 దగ్గర. మామూలు ఎక్స్‌రే తెర మీద రెండూ అక్కచెల్లెళ్ళే. చాక్లెట్టు, జున్ను, తేనె ఉన్న పెట్టెలు యంత్రాలను తరచూ ఉలిక్కిపడేలా చేస్తాయని ఈ రంగంలో అందరికీ తెలుసు. అమెరికాలో పిల్లల దగ్గరికి బయల్దేరే అమ్మానాన్నల పెట్టె తెరిపిస్తే కోప్పడకండి. అందులో ఎంత ప్రేమ ఉందో యంత్రానికి తెలీదు, సాంద్రత మాత్రం తెలుసు.

ఎండుకొబ్బరి సంగతి వేరు. దాన్ని విమానంలో తీసుకెళ్ళకూడదనడం యంత్రానికి పట్టుబడదని కాదు. అందులో నూనె ఎక్కువ. గాలి తగిలి, తనంతట తాను వేడెక్కి, అంటుకునే గుణం ఉంది. అందుకే ప్రమాదకర సరుకుల అంతర్జాతీయ జాబితాలో దానికి ప్రత్యేకంగా ఒక నంబరే ఉంది: 1363. పచ్చి కొబ్బరికాయను కూడా చేతి సంచిలో రానిచ్చేవారు కాదు. 2024 అక్టోబరులో శబరిమల యాత్రికుల ఇరుముడి కోసం కొన్ని నెలలపాటు సడలింపు ఇచ్చారు. ఎక్స్‌రే, పేలుడు మందు జాడల పరీక్ష, చేత్తో తనిఖీ, ఈ మూడూ అయ్యాకే అనుమతి. ఒక్క కొబ్బరికాయకు మూడు పరీక్షలా అని నవ్వొచ్చు. కానీ గుల్లగా, గట్టి పెంకుతో, లోపల ద్రవంతో ఉండే వస్తువు ఎక్స్‌రే చూసేవాడికి ఏ కోణంలోనూ మంచి వస్తువు కాదు.

1988 డిసెంబరు 21న స్కాట్లండ్‌లోని లాకర్‌బీ ఊరి మీద పాన్ యామ్ విమానం పేలింది. 270 మంది పోయారు. బాంబు ఒక రేడియో క్యాసెట్ ప్లేయరులో ఉంది. సెమ్‌టెక్స్ అనే పేలుడు మందు ముద్ద రేడియో విడిభాగాల మధ్య కలిసిపోయింది. మామూలు ఎక్స్‌రే బొమ్మ తోలుబొమ్మలాట తెర లాంటిది. ఒక బొమ్మ వెనక ఇంకో బొమ్మ నిలబడితే తెర మీద రెండూ ఒకటే నీడ. ఈ ఇబ్బందికి మందు ఆస్పత్రిలో దొరికింది. గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన సీటీ స్కానర్ 1971లో మొదటిసారి ఒక రోగి మెదడును పొరలు పొరలుగా చూపించింది. అదే విద్యను పెట్టెలకు వాడారు. ఎక్స్‌రే గొట్టం పెట్టె చుట్టూ తిరుగుతూ అన్ని వైపులనుంచీ నీడలు తీస్తుంది. ఆ నీడలన్నిటినీ కలిపి కంప్యూటరు లోపలి ప్రతి చిన్న గడి సాంద్రతనూ లెక్కకడుతుంది. నీడల వెనక దాక్కోవడానికి ఇక వీలుండదు. పెట్టెల కోసం చేసిన అలాంటి యంత్రానికి అమెరికా ప్రభుత్వం 1994లో తొలిసారి ధ్రువీకరణ ఇచ్చింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత చెకిన్ చేసిన ప్రతి పెట్టెనూ పేలుడు మందుల కోసం చూడాలని అక్కడ చట్టమే చేశారు. ఇప్పుడు చేతి సంచులకూ ఈ యంత్రాలు వస్తున్నాయి. అవి ఉన్న వరసల్లో ల్యాప్‌టాప్ బయటికి తియ్యమని అడగరు.

ద్రవాలకు 100 మిల్లీలీటర్ల నియమం 2006 ఆగస్టు నాటి సంఘటనలోంచి పుట్టింది. శీతల పానీయాల సీసాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమం నింపుకుని అట్లాంటిక్ దాటే విమానాలెక్కాలన్న కుట్రను లండన్‌లో ఛేదించారు. నీళ్ళకూ ఆ ద్రవానికీ తేడా అప్పటి యంత్రాల్లో గీత గీసి చూపించేంత లేదు. గీత గియ్యలేనప్పుడు పరిమాణానికి గీత గీశారు. నూనె తేలే ఆవకాయ చేతి సంచిలో ఎందుకు వద్దంటారో దీన్నిబట్టి సగం అర్థమవుతుంది. మిగతా సగం కారం సంగతి. కళ్ళల్లో కొట్టడానికి పనికొచ్చే వస్తువును క్యాబిన్‌లోకి ఎవరూ రానివ్వరు.

కుర్చీలో కూర్చున్న మనిషి

ఇంతటి యంత్రం ముందు కూర్చునేది ఒక మామూలు మనిషి. రోజుకు వేల సంచులు చూస్తాడు, చూస్తుంది. అన్నిట్లోనూ చార్జర్లు, దువ్వెనలు, తాళంచెవులు. నిజమైన బాంబు ఉద్యోగ జీవితం మొత్తంలో ఒక్కసారీ కనబడకపోవచ్చు, కనబడకూడదు కూడా. భద్రత మీద నాకు తెలిసిన పరిశోధనల్లో అన్నిటికన్నా కలవరపెట్టేది ఇక్కడిదే. జెరెమీ వుల్ఫ్ అనే దృష్టిశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2005లో చిన్న ప్రయోగం చేశారు. గజిబిజి బొమ్మల్లో ఒక రకం వస్తువును వెతకమన్నారు. సగం బొమ్మల్లో ఆ వస్తువు ఉన్నప్పుడు మనుషులు 7 శాతం సార్లు దాన్ని చూడకుండా వదిలేశారు. నూటికి ఒక్క బొమ్మలోనే ఉన్నప్పుడు 30 శాతం సార్లు వదిలేశారు. కళ్ళు అవే, బొమ్మలు అవే. అరుదుగా దొరికేదాన్ని వెతికేటప్పుడు మెదడు తనకు తెలియకుండానే తన గీతను పైకి జరుపుకుంటుంది. లేదులే అన్న జవాబు ఎప్పుడూ నిజమే అవుతుంటే ఆ జవాబే త్వరగా వస్తుంది.

దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. అప్పుడప్పుడూ కంప్యూటరే ఓ తుపాకీ బొమ్మనో బాంబు బొమ్మనో నిజం సంచి చిత్రంలో అతికిస్తుంది. ఉద్యోగి గుర్తిస్తే శభాష్ అంటుంది. వదిలేస్తే అక్కడికక్కడే చెప్పేస్తుంది, లెక్క రాసుకుంటుంది. అరుదైనదాన్ని కాస్త తరచు చెయ్యడమే ఇందులో కిటుకు. తెర ముందు ఒకరినే సుమారు ఇరవై నిమిషాలకు మించి కూర్చోబెట్టకపోవడం రెండో జాగ్రత్త. అయినా 2015లో అమెరికా ప్రభుత్వం తన మనుషుల్నే మారువేషంలో నకిలీ ఆయుధాలతో పంపి పరీక్షిస్తే, 70 సార్లలో 67 సార్లు వాళ్ళు దాటిపోయారని వార్తలొచ్చాయి. యంత్రాలకు తక్కువేమీ లేని దేశం అది.

మన దగ్గర 2017 దాకా చేతి సంచి ట్యాగు మీద ముద్ర కొట్టించుకోవడం ఒక తతంగం. ముద్ర లేకపోతే బోర్డింగ్ దగ్గరనుంచి వెనక్కి పరుగెత్తాల్సిందే. ఆ ఏడాది హైదరాబాద్‌తో సహా ఏడు పెద్ద విమానాశ్రయాల్లో ముద్ర తీసేశారు, కెమెరాల నిఘా పెంచారు. ఆ ముద్ర సంచి సురక్షితమని ఎన్నడూ చెప్పలేదు, ఎవరో చూశారని మాత్రం చెప్పింది.

చిన్న గుడ్డ ముక్క

కొన్నిసార్లు చిన్న గుడ్డ ముక్కతో మన సంచి పిడినీ చేతుల్నీ తుడిచి ఓ పెట్టెలో దూరుస్తారు. పేలుడు మందు ముట్టుకున్న చేతికి గ్రాములో వందకోట్లో వంతు లెక్కన జాడలు అంటుకుని ఉంటాయి. ఆ పెట్టె గుడ్డను వేడిచేసి, వచ్చిన ఆవిరికి విద్యుదావేశం ఎక్కించి, విద్యుత్ క్షేత్రం ఉన్న గొట్టంలో పరుగెత్తిస్తుంది. చిన్న అణువులు ముందు, పెద్దవి వెనక చేరతాయి. ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందన్నదే అణువు గుర్తు. దగ్గరదగ్గర సమయాలున్న అమాయక అణువులూ ఉంటాయి కాబట్టి చేతులకు రాసుకునే గ్లిజరిన్ క్రీము ఒక్కోసారి కూత తెప్పిస్తుంది. గుండె నొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్ సంగతి ఇంకా చిత్రం. అది డైనమైట్‌లో ఉండే సరుకే. డైనమైట్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్‌కే ముసలితనంలో డాక్టర్లు దాన్ని గుండె మందుగా రాశారు.

2009 క్రిస్మస్ నాడు డెట్రాయిట్ వెళ్ళే విమానంలో ఒకడు లోదుస్తుల్లో పేలుడు మందు కుట్టుకుని కూర్చున్నాడు. లోహం లేదు, లోహ ద్వారం కూయలేదు. బాంబు సరిగా పేలక అందరూ బతికారు. ఒళ్ళంతా చూసే స్కానర్లు ఊరూరా రావడానికి అదే కారణం. వాటిలో మొదటి రకం పలచని ఎక్స్‌రే వాడేది, మనిషి నగ్నంగా ఉన్నట్టే బొమ్మ వచ్చేది. గోలగోల అయింది. 2013లో అమెరికా వాటిని తీసేసింది. రెండో రకం సుమారు సెంటీమీటరు పొడవున్న రేడియో తరంగాలను వాడుతుంది. అవి బట్టలోంచి దూసుకుపోతాయి, నీళ్ళున్న చర్మం మీద తగిలి వెనక్కి వస్తాయి. ఎక్కడ తేడా ఉందో ఒక బొమ్మమనిషి గీత మీద పసుపు చతురస్రం చూపిస్తుంది, అంతే. అయితే చెమట కూడా నీళ్ళే, బట్ట మడత కూడా తేడాయే. కుచ్చిళ్ళున్న చీర దీనికి కష్టమైన లెక్క. మన దేశంలో ఈ స్కానర్లు పెట్టాలని బీసీఏఎస్ 2019లోనే ఆదేశించింది. అందులో చెప్పిన గడువులు ఎప్పుడో దాటిపోయాయి.

నువ్వెవరు?

ఇంతవరకూ యంత్రాలు అడిగింది నీ దగ్గర ఏముందని. రెండో ప్రశ్న నువ్వెవరని. కనిష్కలో బాంబు పెట్టె ఎక్కించినవాడు తప్పుడు పేరుతో చెకిన్ చేసి మాయమయ్యాడు. పెట్టె యజమాని విమానంలో కూర్చున్నాడా లేదా అని సరిపోల్చుకోవడం ఆ తర్వాతే ప్రపంచమంతా గట్టిపడింది. సరిపోల్చాలంటే మనిషికి చెరగని గుర్తు కావాలి.

వేలిముద్రల శాస్త్రానికి పుట్టిల్లు మన దేశమే. నేరస్థుల వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో తెరిచారు. లక్షల ముద్రల్లోంచి ఒకదాన్ని వెతకడానికి 1,024 గళ్ళుగా వర్గీకరించే పద్ధతికి అప్పటి పోలీసు పెద్ద ఎడ్వర్డ్ హెన్రీ పేరు పెట్టారు. లెక్క కట్టినవాళ్ళు ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరెప్పుడూ పై అధికారిదే. 2004 జనవరి నుంచి అమెరికాలో దిగే వీసాదారుల వేలిముద్రలు తీసుకోవడం మొదలైంది. వీసా కోసం హైదరాబాద్‌లో ఇచ్చిన పది వేళ్ళను అక్కడ దిగాక మళ్ళీ అద్దం మీద పెట్టమంటారు. గీతలు ఎక్కడ ఆగిపోయాయి, ఎక్కడ రెండుగా చీలాయి అన్న బిందువులను యంత్రం పోలుస్తుంది. పొలం పనిచేసి, సున్నం కలిపి, అంట్లు తోమి అరిగిన వేళ్ళకు ఆ బిందువులు చాలినన్ని దొరకవు. కేన్సర్‌కు వాడే కేపెసైటబిన్ మందు అరచేతి చర్మాన్ని ఊడేలా చేస్తుంది. సింగపూర్ నుంచి వెళ్ళిన 62 ఏళ్ళ రోగిని, వేలిముద్రలు లేవని, అమెరికా విమానాశ్రయంలో నాలుగు గంటలు ఆపేశారని 2009లో ఒక వైద్య పత్రిక రాసింది.

కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయానిది గట్టి గుర్తు. దాని నేత తల్లి కడుపులోనే దాదాపు పూర్తవుతుంది. ఒకే మనిషి రెండు కళ్ళకూ పోలిక ఉండదు, కవలలకూ ఉండదు. కేంబ్రిడ్జ్‌లో జాన్ డాగ్‌మన్ 1990ల మొదట్లో దాన్ని 2,048 సున్నాలు, ఒకట్ల వరసగా మార్చే పద్ధతి కనిపెట్టాడు. వేర్వేరు కళ్ళ వరసలను పక్కపక్కన పెడితే సగం చోట్ల తేడా వస్తుంది, నాణెం ఎగరేసినట్టే. ఒకే కంటి రెండు ఫొటోల్లో తేడా దానికన్నా చాలా తక్కువ. మూడో వంతు దగ్గర గీత గీస్తే రెండు గుంపులూ విడిపోతాయి. ఈ అధ్యాయంలో మనం చూసిన గీతల్లోకెల్లా శుభ్రమైన గీత ఇదే.

కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో ఈ యంత్రం పేరు తెలియకపోయినా పని తెలిసినవాళ్ళు చాలామంది. వీసా గడువు దాటి గల్ఫ్‌లో ఖల్లివెల్లిగా, అంటే పత్రాల్లేని కూలిగా మిగిలి, పట్టుబడి, ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ పత్రం మీద ఇంటికి చేరినవాడు ఒకప్పుడు కొత్త పాస్‌పోర్టుతో, కొంచెం మార్చిన పేరుతో తిరిగి వెళ్ళగలిగేవాడు. యుఏఈ 2001లో దేశం నుంచి పంపేసినవాళ్ళ కళ్ళను నమోదు చెయ్యడం మొదలుపెట్టింది. పేరు మారినా కన్ను మారదు. దానికీ విరుగుడు వెతికారు. కంటి డాక్టర్లు వాడే అట్రోపిన్ చుక్కలు వేసుకుంటే పాప విచ్చుకుని, చుట్టూ ఉన్న వలయం సన్నగా నొక్కుకుపోతుంది. కొందరు వేర్వేరు దేశాలవాళ్ళు అలా దాటే ప్రయత్నం చేశారని యుఏఈ అధికారులే పరిశోధన వ్యాసంలో రాశారు. పాప మరీ పెద్దదిగా ఉంటే ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టి, మందు దిగాక మళ్ళీ చూసేలా పద్ధతి మార్చుకున్నారు. దొంగను పట్టుకోవడానికని మనం ఊహించుకునే యంత్రం, నిజానికి ఎక్కువసార్లు పట్టుకున్నది అప్పుతీర్చుకోవడానికి మళ్ళీ బయల్దేరిన కూలివాణ్ణి.

ముఖం

కన్ను గట్టిదైనా గెలిచింది ముఖమే. ఆగి, వంగి, అద్దంలోకి చూడాల్సిన పని లేదు, నడుస్తూ పోవచ్చు. నేటి పద్ధతిలో కంప్యూటరు ముక్కు పొడవూ కళ్ళ దూరమూ విడిగా కొలవదు. లక్షలాది ఫొటోలతో సాధన చేసిన ఒక వ్యవస్థ ప్రతి ముఖాన్నీ కొన్ని వందల అంకెల వరసగా మారుస్తుంది. ఒకే మనిషి ఫొటోలకు దగ్గర అంకెలు, వేరే మనిషికి దూరపు అంకెలు వచ్చేలా దానికి తర్ఫీదు. ఎంత దగ్గరైతే ఒకరే? మళ్ళీ గీత.

మనుషులకన్నా ఇది నయమా? 2014లో ఆస్ట్రేలియా పాస్‌పోర్టు అధికారులనే పరీక్షించారు. ఎదురుగా ఉన్న మనిషీ ఫొటోలోని మనిషీ వేరైనా నూటికి 14 సార్లు ఒకరే అని ఒప్పుకున్నారు. కాలేజీ విద్యార్థులకన్నా వాళ్ళు మెరుగేమీ కాదని తేలింది. కాబట్టి యంత్రాన్ని తీసిపారెయ్యలేం. కానీ అది అందరి ముఖాలకూ ఒకేలా పనిచెయ్యదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2019లో 99 సంస్థల 189 సాఫ్ట్‌వేర్లను పరీక్షించింది. ఒకరిని ఇంకొకరుగా పొరబడటం చాలా సాఫ్ట్‌వేర్లలో ఆఫ్రికా, తూర్పు ఆసియా ముఖాలకు తెల్లవాళ్ళకన్నా పది నుంచి నూరు రెట్లు ఎక్కువ. చైనాలో తయారైనవాటికి తూర్పు ఆసియా ముఖాలతో ఆ ఇబ్బంది లేదు. తప్పు ముఖాల్లో లేదు, సాధనకు వాడిన ఫొటోల్లో ఉందని అనుకోవడానికి ఇది బలమైన ఆధారం.

మన డిజియాత్ర 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలైంది. తొలి విడతలోనే శంషాబాద్, గన్నవరం చేరాయి. ఫోనులో ఆధార్‌తో సరిచూసుకుని ఓ సెల్ఫీ ఇస్తే, ఆ వివరాలు మన ఫోనులోనే ఉంటాయని, ప్రయాణానికి ముందు ఆ విమానాశ్రయానికి మాత్రం అందుతాయని, విమానం వెళ్ళిన 24 గంటల్లో అక్కడ చెరిపేస్తారని ప్రభుత్వం చెబుతోంది. నడిపేది లాభాపేక్ష లేని ఒక కంపెనీ. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాటా 26 శాతం, మిగతాది ఢిల్లీ, ముంబై, బెంగళూరు, హైదరాబాద్, కొచ్చి విమానాశ్రయాలది.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడండి. ఇద్దరు వేర్వేరు మనుషుల్ని ఒకరే అని పొరబడే అవకాశం లక్షకు ఒకటి అనుకుందాం. వినడానికి అద్భుతం. మీ ముఖాన్ని మీ సెల్ఫీతోనే పోల్చినంతవరకు అది అద్భుతమే. అదే ముఖాన్ని 50 వేల మంది జాబితాతో పోల్చితే లక్షకు ఒకటి అన్న అవకాశం 50 వేలసార్లు తగులుతుంది. ప్రతి అయిదుగురిలో ఇద్దరికి జాబితాలో ఎవరో ఒకరితో తప్పుడు పోలిక కుదురుతుంది. సాఫ్ట్‌వేర్ మారలేదు, జాబితా పెరిగింది. అందుకే గేటు తెరవడానికి వాడే ముఖ గుర్తింపునూ, జనంలో నేరస్థుణ్ణి వెతకడానికి వాడే ముఖ గుర్తింపునూ ఒకే గాటన కట్టకూడదు. మొదటిది తప్పితే గేటు తెరుచుకోదు, కార్డు చూపించి వెళ్తాం. రెండోది తప్పితే ఒక అమాయకుణ్ణి పక్కకు తీసుకెళ్తారు. కెమెరా ఒకటే కాబట్టి మొదటిదాని కోసం కట్టినదాన్ని రెండోదానికి వాడుకోవాలన్న కోరిక ఎవరికైనా పుడుతుంది. ఆ కోరికకు అడ్డం చట్టమే తప్ప సాంకేతికత కాదు.

ఎన్‌ఐఎస్‌టీ ప్రతి సాఫ్ట్‌వేర్ తప్పుల లెక్కనూ కంపెనీ పేరుతో సహా అందరికీ కనబడేలా పెడుతుంది. మన గేట్ల దగ్గర గీత ఎక్కడ గీశారో, ఎంతమందిని పొరపాటున ఆపుతున్నారో, ఎంతమందిని పొరపాటున వదులుతున్నారో కూడా విమానాశ్రయం వారీగా, ఏటేటా అలాగే ప్రకటించాలి. ఈలోగా పాఠకులకు ఒక మాట. డిజియాత్ర స్వచ్ఛందమని పౌర విమానయాన శాఖే చెప్పింది. గుమ్మం దగ్గర ఎవరైనా కెమెరా ముందు నిలబడమంటే, వద్దనుకున్నవాళ్ళు గుర్తింపు కార్డు, బోర్డింగ్ పాస్ చూపించి పక్క వరసలో వెళ్ళవచ్చు. ఆ వరస ఉంది, అడగండి.